లంకలోనా, గోడౌన్‌లోనా, మ్యాట్ ముందా: గోదావరి డెల్టాలో ఫాంటసీ సీరియల్‌కు సీనువారీ ఎంపిక

కోనసీమలో ఫాంటసీ సీరియల్ తీద్దామని కూర్చున్న ప్రతి బృందమూ మొదట కెమెరా గురించే వాదించుకుంటుంది. కెమెరా సంగతి ఆఖర్న తేల్చినా కొంపేమీ మునగదు. ముందు తేలాల్సింది ఏ సీను ఎక్కడ తీయాలన్నది. ఏటి ఒడ్డునా, కట్టిన సెట్లోనా, మ్యాట్ (తర్వాత గ్రాఫిక్స్ నింపుకునే రంగుగుడ్డ) ముందా, ఎల్ఈడీ గోడ ముందా? అంతా లొకేషన్లోనే అని పట్టుబట్టినా, అంతా గ్రాఫిక్స్‌లో చూసుకుందాం అని వదిలేసినా డబ్బు నీళ్ళపాలే.

మా లెక్క ఇది. నీళ్ళు, గాలి, బురద నటుడి ఒంటిని తాకే సీనైతే బయట తీయండి. ఒకే వెలుతురు మూడు నాలుగు రోజుల పాటు మారకుండా నిలవాల్సిన సీనైతే లోపల తీయండి. కంటికి దూరంగా కనబడితే చాలు, ఎవరూ ముట్టుకోరు అనుకున్నదాన్ని మాత్రమే మ్యాట్‌కో, ఎల్ఈడీకో, బొమ్మ సెట్‌కో అప్పగించండి. మాట సులువుగా ఉండాలని ఒక కథ అనుకుందాం. శాపం తగిలి ఏటి అడుగుకు చేరిన నగరం, దాన్ని వెతుక్కుంటూ పడవెక్కిన అక్కాతమ్ముళ్ళు, మడ అడవిలో కాపురమున్న మాంత్రికురాలు. ఎనిమిది ఎపిసోడ్లు.

తేదీలు ఏరు చెబుతుంది

ధవళేశ్వరం బ్యారేజీ దిగిన తర్వాత గోదావరి ఒక్క నదిగా ఉండదు. గౌతమి ఒక దారి, వసిష్ఠ ఒక దారి, వసిష్ఠలోంచి చీలిన వైనతేయ మరో దారి. అన్నిటా నీళ్ళే కదా అని ఒక షెడ్యూలు జులైలోను, ఇంకొకటి జనవరిలోను పెట్టుకుంటే రెండు షాట్లూ పక్కపక్కన అతకవు. వరదల్లో వచ్చేది ఎర్రనీరు. డిసెంబరు, జనవరి నాటికి నీరు తేరుకుని పచ్చగా మెరుస్తుంది. డీఐలో, అంటే ఎడిట్ అయ్యాక రంగులు సరిదిద్దే దశలో, ఆకాశం రంగు మార్చొచ్చు. బురద నీటిని తేటనీరు చేయడం మాత్రం కుదరదు, ఎందుకంటే ఎర్రనీటిలో ప్రతిబింబమే సరిగా పడదు. ప్రళయం, శాపం తగిలే ఘట్టం లాంటివి ఎర్రనీటి రోజులకు, ప్రయాణమంతా చలికాలానికి రాసుకోండి. (ఎర్రనీటి రోజుల్లో యూనిట్ మొత్తం పులస అడుగుతుంది. ఆ ఖర్చు వేరే పద్దులో పెట్టడం మంచిది.)

వరద కాలంలో లంకలో, అంటే ఏటి మధ్య దీవిలో, సెట్ వేయాల్సివస్తే ధవళేశ్వరం అంకెలు గోడకు అంటించుకోండి. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలు దాటితే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది. రెండో హెచ్చరిక దాకా ఆగితే సామాను తెచ్చుకోవడానికి పడవలు దొరకవు, ఊళ్ళో మనుషుల్ని తరలించే పనిలో ఉంటాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులు దాటిందన్న కబురు రాగానే విప్పడం మొదలుపెడితే దాదాపు ఒక రోజు చేతిలో ఉంటుంది. అందుకే లంక సెట్‌కు మేకులకన్నా తాడు కట్లు, బోల్టులు మేలు. విప్పిన ముక్క మళ్ళీ పనికొస్తుంది.

కాలువల లెక్క వేరు. వేసవిలో, ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ మొదటివారాల వరకు, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. కాలువలో పడవ సీన్లు రాసుకుని మే నెలలో దిగితే బురద, ప్లాస్టిక్ తప్ప ఏమీ ఉండవు. చేలు పచ్చగా కావాలంటే సార్వాకు (ఖరీఫ్ వరి) ఆగస్టు చివరి నుంచి అక్టోబరు, దాళ్వాకు (రబీ వరి) ఫిబ్రవరి, మార్చి. బంగారు రంగు కావాలంటే నవంబరు. కోత యంత్రం దిగిందంటే అరపూటలో మీ లొకేషన్ మాయం కాబట్టి, ఆ చేను రైతుతో కోత తేదీ ముందే మాట్లాడుకోవాలి.

సముద్రం దగ్గరికి వెళ్ళే కొద్దీ పోటు పాటు లెక్కలోకి వస్తాయి. అంతర్వేది దగ్గర, కోరంగి మడ అడవుల్లోని పాయల్లో, రోజుకు రెండుసార్లు నీరు ఎక్కి దిగుతుంది. ప్రతి రోజూ ఇది ముందురోజుకన్నా దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇవాళ పొద్దున ఏడింటికి పడవ తేలిన చోట నాలుగు రోజుల తర్వాత అదే ఏడింటికి బురదలో కూరుకుంటుంది. సగం తీసిన సీను మిగిలిపోతే, అదే వెలుతురులో అదే నీటిమట్టం మళ్ళీ రావడానికి పక్షం రోజులు పడుతుంది. మడ అడవిలో సీను ఏదైనా ఒకే పాటులో, అంటే నీరు దిగుతున్న ఆ నాలుగైదు గంటల్లో, ముగించేలా విడగొట్టుకోండి. మాంత్రికురాలి చోటుకు పాటే మంచిది కూడా. నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన మడ వేళ్ళు అప్పుడే బయటపడతాయి. ఏ ఆర్ట్ డైరెక్టరూ అంత భయంకరమైన నేల కట్టలేడు. కోరంగి అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి లైటు స్టాండు కూడా పోదు, రాత్రి షూటింగ్ ఆశ వదులుకోవాలి. బావురు పిల్లి తిరిగే చోటు అది.

ఎండ లెక్క చాలామంది వేసుకోరు. మనం ఉన్న అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. మే మొదటి వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. కళ్ళ గుంటలు నల్లబడతాయి, కిరీటం పెట్టుకుంటే ముఖమే కనబడదు. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తు దాటడు, రోజంతా వాడుకోదగ్గ ఏటవాలు వెలుతురు ఉంటుంది. విదేశీ సీరియళ్ళలో కనబడే ఎంతకీ తరగని సంధ్యవెలుగు మాత్రం ఇక్కడ దొరకదు. అలాంటివి తీసే ఉత్తర ఐర్లండ్‌లో వేసవిలో సూర్యాస్తమయం తర్వాత నలభై నిమిషాలు దాటి వెలుతురు మిగులుతుంది. మనకు 22 నుంచి 24 నిమిషాల్లో చీకటి పడుతుంది. అందులో పనికొచ్చేది పన్నెండు, పదిహేను నిమిషాలు. అంటే రెండు షాట్లు.

రైసు మిల్లు గోడౌన్ ఎందుకు చాలు

హైదరాబాద్ శివారులోని రామోజీ ఫిల్మ్ సిటీ లాంటి చోట ఫ్లోరు తీసుకుంటే సెట్ కట్టేవాళ్ళు, కరెంటు, మేకప్ గదులు అన్నీ ఒకే దగ్గరుంటాయి. రాజమండ్రి నుంచి యూనిట్‌ను అక్కడికి తరలించడం, రోజుల లెక్కన ఫ్లోరు అద్దె, సెట్ విప్పేయాల్సిన గడువు మాత్రం మీ నెత్తిన ఉంటాయి. ఎనిమిది ఎపిసోడ్లలో పదేపదే వచ్చే చోటు, ఉదాహరణకు మునిగిన నగరపు సభామంటపం, ఉంటే గడువే అసలు శత్రువు. నాలుగో ఎపిసోడ్ ఎడిట్ చేశాక ఒక షాటు కావాలనిపిస్తే అప్పటికి సెట్ ఉండదు.

ఖాళీగా ఉన్న రైసు మిల్లు గోడౌన్ ఆరు నెలలకు తీసుకోవడం మేమిచ్చే సలహా. ఇది చవకబారు ఆలోచనేమీ కాదు. ఫాంటసీ సీరియల్ గేమ్ ఆఫ్ థ్రోన్స్ (2011–2019) సెట్లకు కేంద్రమైన ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ పెయింట్ హాలు ఒకప్పుడు ఓడల భాగాలకు రంగులు వేసిన షెడ్డే. వాళ్ళకు కావాల్సిందీ ఎత్తు, స్తంభాలు లేని నేల, పెద్ద తలుపు. గోడౌన్ చూడబోయినప్పుడు మీరూ అవే చూడండి. దూలం కింద కనీసం 18 నుంచి 20 అడుగుల ఎత్తు ఉండాలి, లేదంటే మ్యాట్ పైన లైటు పెట్టే చోటు ఉండదు. మధ్యలో స్తంభాలు ఉంటే వాటిని సెట్లో స్తంభాలుగా కలిపేసుకోవచ్చా చూడండి. గచ్చు చదునుగా లేకపోతే ట్రాలీ వణుకుతుంది, పట్టాల కింద వేసే చెక్క ముక్కలు ఒక బస్తా దగ్గర పెట్టుకోవాలి.

గోడౌన్లో రెండు జబ్బులున్నాయి. రేకుల కప్పు మీద వాన పడితే మాట వినబడదు, మే నెలలో లోపల మేకప్ కారిపోతుంది. రేకుల కింద తాటాకు దడి, దాని కింద నల్లగుడ్డ కట్టిస్తే వేడీ మోతా రెండూ తగ్గుతాయి. కాకపోతే తాటాకు దగ్గర వేడెక్కే లైటు పెట్టకూడదు, నిప్పు ఆర్పే సిలిండర్లు నాలుగు మూలలా ఉండాల్సిందే.

సెట్ కట్టడానికి పనివాళ్ళను బయటనుంచి తేవాల్సిన పనిలేదు. కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి ప్రభలు కట్టే ఊళ్ళలో, వెదురు, తాడు, రంగుబట్టలతో రెండంతస్తుల ఎత్తున నిలబెట్టి చేల మీదుగా మోసుకెళ్ళగల నేర్పు ఉంది. తేలిగ్గా ఉండి విరగని నిర్మాణం ఎలాగో వాళ్ళకు చెప్పక్కర్లేదు. చెట్లు, తీగలు కావాలంటే కడియం నర్సరీలున్నాయి. లైట్ల వేడికి ఆకులు మూడో రోజుకే వాడతాయి కనుక కుండీలు రెండు జతలు మాట్లాడుకుని మార్చుకుంటూ వాడండి.

మ్యాట్, ఎల్ఈడీ, బొమ్మ నగరం

గ్రీన్ మ్యాట్ అన్న మాట అలవాటైపోయి అందరూ పచ్చగుడ్డే తెస్తారు. మన దగ్గర కొబ్బరి పచ్చన, అరటి పచ్చన, చేను పచ్చన, పట్టుచీర అంచూ పచ్చన. ముందున్న అరటాకు కూడా మ్యాట్‌తో పాటే మాయమవుతుంది. మొక్కలున్న ఫ్రేముకు నీలం గుడ్డ వాడండి, నీలి బట్టలు కట్టిన పాత్రలకు మాత్రమే పచ్చ ఉంచండి. నటుడికి, గుడ్డకు మధ్య తొమ్మిది, పది అడుగులు తగ్గితే గుడ్డ రంగు భుజాల మీద పడుతుంది. గుడ్డ మీద వెలుతురు ఎక్కడ కొలిచినా తేడా అర స్టాపు (కెమెరాలో వెలుతురు కొలత; ఒక స్టాపు అంటే రెట్టింపు తేడా) లోపే ఉండాలి. ఒడ్డున మ్యాట్ కడితే గాలికి మడతలు పడి నీడలొస్తాయి. అందుకే బయట మ్యాట్ వీలైనంత చిన్నది, చట్రానికి బిగించినది ఉండాలి. కెమెరా రంగుల వివరాన్ని నమోదు చేసే స్థాయి 10 బిట్, 4:2:2 కన్నా తక్కువైతే జుట్టు అంచులు చిరిగిపోతాయి. కెమెరా ఎంచుకునేటప్పుడు అసలు అడగాల్సింది ఇదొక్కటే.

ఎల్ఈడీ గోడ పేరు మోగింది 2019లో వచ్చిన స్టార్ వార్స్ సీరియల్ ద మాండలోరియన్‌తో. అక్కడ 20 అడుగుల ఎత్తు, 75 అడుగుల వ్యాసం ఉన్న వంపు గోడ కట్టారు, కెమెరా కదిలితే గోడ మీది దృశ్యం కూడా దానికి తగ్గట్టు జరుగుతుంది. రాజమండ్రిలోనో కాకినాడలోనో పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే ఎల్ఈడీతో అదే పని చేద్దామనుకుంటే మూడు చోట్ల దెబ్బతింటారు. పీ3, పీ4 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య మూడు, నాలుగు మిల్లీమీటర్లు. కెమెరా ఫోకస్ గోడ మీదకు వెళ్తే అలలలాంటి గీతలు కనబడతాయి. కనీసం మిల్లీమీటరుకు ఒక మీటరు లెక్కన కెమెరాను దూరం పెట్టి, గోడను ఫోకస్‌కు బయట ఉంచాలి. రిఫ్రెష్ (గోడ మీది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్నది) తక్కువైతే అడ్డగీతలు పరుగెత్తుతాయి, 3840 హెర్ట్జ్ ఉన్నదే అడగండి. ఇక గోడ వెలుతురు ఒక్కటే ముఖం మీద పడితే చర్మం రంగు పాలిపోతుంది, ముఖానికి విడిగా లైటు పెట్టాల్సిందే. కెమెరా కదలికకు గోడను జతచేసే ఏర్పాటు లేకపోతే కెమెరాను స్టాండు మీదే ఉంచండి.

ఇన్ని షరతులున్నా ఒక సీనుకు ఈ పెళ్ళి ఎల్ఈడీ బంగారం. రాత్రి పూట పడవ ప్రయాణం. నాటుపడవను గోడౌన్లో పాత లారీ ట్యూబుల మీద పెట్టి నలుగురు మెల్లగా ఊపాలి. వెనక ఎల్ఈడీలో ముందే తీసుకున్న ఒడ్డు, ఫోకస్ లేకుండా. కింద వెడల్పాటి తొట్టెలో నీళ్ళు పోసి అద్దం ముక్కలు వేసి, దాని మీదకు లైటు కొడితే ముఖాల మీద నీటి తళుకు ఆడుతుంది. నాలుగు పేజీల మాటలున్న సీను ఒక్క రోజులో అయిపోతుంది. అదే నిజమైన ఏటిలో అయితే ప్రవాహం పడవను ఈడ్చుకుపోతూ ఉంటే, ప్రతి టేకుకూ మళ్ళీ పైకి తోసుకురావాలి. అందరికీ లైఫ్ జాకెట్లు, పక్కనే ఈతగాళ్ళతో ఇంకో పడవ, వీటికి మినహాయింపు లేదు.

మునిగిన నగరం సంగతి. గోదావరి పైకి తేటగా కనబడినా, నీటి అడుగున కెమెరా దించితే చెయ్యి కూడా కనబడదు, ఒండ్రు అంత దట్టంగా ఉంటుంది. ఈతకొలనులో తీయొచ్చు గానీ నటులకు ఈత, ఊపిరి బిగబట్టడం రావాలి, ముఖంలో భావం పోతుంది. మూడో దారి, నీళ్ళు లేకుండా నీళ్ళ భ్రమ కల్పించడం. పల్చటి పొగ, సెకనుకు 48 నుంచి 60 ఫ్రేములు, బట్టలకూ జుట్టుకూ కిందనుంచి ఫ్యాను, పైనుంచి అద్దం ముక్కల తళుకు. మాటలున్న సీన్లకు దీన్నే ఎంచుకోండి. కొలను ఒక్క మునక షాటుకు సరిపోతుంది.

నగరం దూరం నుంచి కనబడే షాట్లకు గ్రాఫిక్స్ ఒక్కటే గతి అనుకోవద్దు. 1957 నాటి మాయాబజార్‌లో గోఖలే, కళాధర్‌ల కళా దర్శకత్వంలో ద్వారకను 50 అడుగులకు 60 అడుగుల చోటులో, దాదాపు 300 అట్ట ఇళ్ళతో, ఇంటింటికీ విద్యుత్ దీపంతో నిలబెట్టారు. ఆ పని ఇవాళ కూడా గోడౌన్లో జరుగుతుంది. గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటుంది. బొమ్మ ఎంత చిన్నదైతే కెమెరా అంత వేగంగా తిరగాలి. తొమ్మిదో వంతు సైజైతే మూడు రెట్లు, అంటే 72 ఫ్రేములు. పదహారో వంతైతే నాలుగు రెట్లు, 96. లేదంటే జెండా రెపరెపలు, పొగ కదలికలు బొమ్మలాటని పట్టిచ్చేస్తాయి. నీటి బొట్టును చిన్నది చేయలేం కాబట్టి నీళ్ళున్న బొమ్మ సెట్ పదో వంతు కన్నా చిన్నగా ఉండకూడదు.

రాత్రి: అందరూ తడబడే చోటు

పెద్ద సీరియళ్ళు కూడా మాటపడ్డది ఇక్కడే. గేమ్ ఆఫ్ థ్రోన్స్ చివరి సీజన్లో 2019 ఏప్రిల్ 28న వచ్చిన మూడో ఎపిసోడ్ యుద్ధాన్ని 55 రాత్రులు కష్టపడి నిజమైన చీకట్లో తీశారు. చూసినవాళ్ళలో చాలామంది ఏమీ కనబడలేదన్నారు. తీసినవాళ్ళ తెర మీద అంతా ఉంది. ఇంటికి చేరే లోపు స్ట్రీమింగ్ కుదింపుకు చీకటీ పొగా కలిసి గళ్ళుగళ్ళుగా విరిగాయి. హౌస్ ఆఫ్ ద డ్రాగన్ (2022) మొదటి సీజన్ ఏడో ఎపిసోడ్లో సముద్రతీరపు సీన్లను పగలే తీసి రాత్రిగా మార్చారు, అదీ విమర్శలపాలైంది. కావాలనే అలా చేశామని దాన్ని ప్రసారం చేసిన హెచ్‌బీఓ చెప్పుకోవాల్సివచ్చింది. దారులు రెండు, ఫిర్యాదు ఒకటే. కాబట్టి ఏ దారి మంచిదన్నది సీనులో ఏముందన్న దాని మీద తేల్చుకోవాలి.

ఫ్రేములో దీపం గానీ కాగడా గానీ ఉందా? ఉంటే పగలు తీసి రాత్రి చేయడం కుదరదు. ఎండలో కాగడా వెలుగు ముఖం మీద పడదు, చూసేవాడికి వెంటనే అనుమానం వస్తుంది. దీపం లేదు, విశాలమైన ఏరు, దూరంగా పడవ ఒక్కటే అంటే పగలే తీయండి. సూర్యుడు నటుల వెనక ఉండాలి, ఆకాశం ఫ్రేములోకి రాకూడదు, వైట్ బ్యాలెన్స్ 3200 కెల్విన్, ఎక్స్‌పోజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు తగ్గించి. నీటి మీద ఎండ తళుకులు అప్పుడు అచ్చం వెన్నెల తునకల్లా ఉంటాయి. కొబ్బరాకుల పచ్చదనం మాత్రం రాత్రికి సరిపడదు, డీఐలో పచ్చ రంగును దాదాపు బూడిద దాకా తగ్గించాలి. దీపమూ ఉండి ఆకాశమూ కనబడాలంటే ఆ పన్నెండు, పదిహేను నిమిషాల సంధ్యే శరణ్యం. అంతకుముందు రెండు గంటలు రిహార్సల్ చేసి, రెండు కెమెరాలతో ఒకేసారి లాగేయాలి.

నిజమైన రాత్రిలో తీస్తే వెన్నెల లైటు ఎత్తున, నటుల వెనక ఉండాలి. లంకకు క్రేన్ తీసుకెళ్ళడం పెద్ద పని. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య తిరిగే రకం పంటు (ఏరు దాటించే బల్లకట్టు) మీద వాహనం దాటుతుంది గానీ, అవతల ఇసుకలో అది కదలదు. 25 అడుగుల వెదురు మంచె కట్టించి నాలుగు వైపులా తాళ్ళు లాగి పైన లైటు పెట్టడం తేలిక. పడవ మీద లైటు పెట్టాలన్న ఆలోచన వద్దు. పడవ ఊగితే చంద్రుడు ఊగుతాడు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 24 ఫ్రేములతో తీసేవాళ్ళు షట్టర్‌ను 172.8 డిగ్రీల దగ్గర పెడితే మెరుపు రాదు, 25 ఫ్రేములైతే 180 సరిపోతుంది.

ఇక పురుగులు. అక్టోబరు, నవంబరుల్లో వరిచేల పక్కన తెల్ల లైటు వేస్తే దోమపోటు పురుగంతా వచ్చి లెన్సు మీద, నటుల నోట్లో వాలుతుంది. సీను మొదలుపెట్టడానికి గంట ముందు, యాభై మీటర్ల అవతల ఒక తెల్ల లైటు వేసి వదిలేయండి. చాలావరకు అటు పోతాయి. సీను లైట్లకు కాషాయపు ఫిల్టరు వేస్తే ఇంకొంత తగ్గుతాయి. జనవరికి మార్చుకోగలిగితే ఈ బాధే ఉండదు.

మీ సీరియల్ చూసేవాళ్ళలో ఎక్కువమంది ఫోనులో, పగటిపూట, బస్సులో చూస్తారు. రాత్రి సీనులో చుట్టూ ఎంత చీకటి ఉన్నా, మాట్లాడే ముఖం వేవ్‌ఫామ్ (వెలుతురును సున్నా నుంచి వంద దాకా కొలిచి చూపే గ్రాఫ్) మీద 25 నుంచి 35 మధ్య నిలబెట్టండి. చీకట్లో పొగ ఉన్న షాట్లకు సన్నటి గ్రెయిన్ (పాత ఫిల్ములో కనబడే నలకల్లాంటి చుక్కలు) కలిపితే గళ్ళు కనబడవు. డీఐ గదిలో అంతా బాగుందనిపించాక, ఒక మామూలు ఫోనులో వెలుతురు సగానికి తగ్గించి వీధిలో నిలబడి చూడండి.

మొసలి రాణి: బొమ్మా, గ్రాఫిక్సా

మన కథలోకి ఒక మొసలి రాణి కూడా వచ్చిందనుకుందాం. జంతువు ముఖ్యపాత్ర అయితే నటుడి కళ్ళు ఎక్కడ చూడాలన్నదే మొదటి చిక్కు. బీబీసీ, హెచ్‌బీఓ కలిసి తీసిన హిజ్ డార్క్ మెటీరియల్స్ (2019–2022)లో ప్రతి మనిషికీ తోడుండే జంతువులన్నీ గ్రాఫిక్సే. అయినా సెట్లో బొమ్మలాడించే కళాకారులు ఆ జంతువుల బదులు ఉండి నటులతో ఆడారు, తర్వాత వాటిని తీసేసి గ్రాఫిక్స్ పెట్టారు. ఆ పద్ధతి మనకు అచ్చొస్తుంది. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో తోలుబొమ్మలాట కుటుంబాలున్నాయి. గొంతుతో, చేతి విరుపుతో జంతువుకు ప్రాణం పోయడం వాళ్ళ వృత్తి. కర్రకు టెన్నిస్ బంతి కట్టి నటిని చూడమంటే వచ్చే చూపుకూ, ఎదురుగా ఒక మనిషి ఆడిస్తే వచ్చే చూపుకూ చాలా తేడా.

బొమ్మతో టేకు అయ్యాక అదే ఫ్రేమును బొమ్మ లేకుండా ఖాళీగా, తర్వాత బూడిద రంగు గోళం, మెరిసే గోళం, రంగుల చార్టు పట్టుకుని తీయాలి. లెన్సు, కెమెరా ఎత్తు, దూరం రాసి పెట్టాలి. ఈ రెండు నిమిషాల పని ఎగ్గొడితే గ్రాఫిక్స్ వాళ్ళు వారం రోజులు ఊహించుకుంటూ కూర్చుంటారు. జంతువు నీళ్ళను తాకే షాటే అన్నిటికన్నా ఖరీదు. నీళ్ళు చిమ్మడం మాత్రం నిజంగా చేయించండి. బరువు కట్టిన ఖాళీ డ్రమ్ముకు తాడు వేసి నీటి అడుగున లాగితే ఏరు దానంతటదే ఉబుకుతుంది. పైన వీపు మాత్రమే గ్రాఫిక్స్.

ఎంతమంది, ఎన్ని కాలాలు

పాత్రల సంఖ్యను కథ కోసమే కాక బట్టల పెట్టె కోసం కూడా తేల్చుకోవాలి. నీటి సీన్లున్న పాత్రకు ఒక్కో వేషం మూడు జతలు: ముఖం దగ్గరి షాట్లకు ఒకటి, తడపడానికి ఒకటి, ఫైటర్‌కు ఒకటి. పది ముఖ్యపాత్రలంటే ముప్ఫై. విదేశీ సీరియళ్ళు చూసి వెల్వెట్, తోలు కుట్టిస్తే మన ఉక్కకు నటులు పడిపోతారు, గడ్డం గమ్ము మధ్యాహ్నానికే ఊడుతుంది. మందపాటి చేనేత నూలుకు రంగువేసి, అంచులు అరగదీసి వాడండి.

కథ అల్లికలో మూడు దారులున్నాయి. గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లా అనేక ఊళ్ళు, అనేక కుటుంబాలు ఒకేసారి నడపడం ఒకటి. ఆ సీరియల్‌కు ముందు తీసిన పైలట్ (నమూనా ఎపిసోడ్) చూసినవాళ్ళకు ఒక అక్కాతమ్ముళ్ళ జంట తోబుట్టువులన్న సంగతే అర్థం కాలేదు, చాలాభాగం మళ్ళీ తీశారు. ద విచర్ మొదటి సీజన్ (2019) లాగా మూడు వేర్వేరు కాలాలను కలిపి చూపడం రెండోది. చాలామంది ఏది ముందో ఏది వెనకో తెలియక తికమకపడ్డారు. ఇవి రెండూ పదుల గంటల నిడివి, ఓపిక ఉన్నవాళ్ళకు. మూడోది మన ఇంటి దారి. రాజమండ్రిలో మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన కాశీ మజిలీ కథల్లో ప్రయాణం ఒకటే, మజిలీకి ఒక కథ. ఎనిమిది ఎపిసోడ్లకు దీన్నే ఎంచుకోమంటాం. ఒక్కో రేవు ఒక్కో మజిలీ అవుతుంది, అక్కడి నటులు ఆ వారం మాత్రమే వస్తారు. వాన పడి ఒక మజిలీ ఆగినా మిగతా కథ ఆగదు. అక్కాతమ్ముళ్ళ గొడవ మాత్రం ప్రతి రేవులోనూ ఒక మెట్టు పెరగాలి, లేకపోతే ఎనిమిది విడి కథలవుతాయి. మాంత్రికురాలి ప్రతి మంత్రానికీ ఒక ఖరీదు పెట్టండి, అది తెర మీద కనబడేదై ఉండాలి. మంత్రం వేసిన ప్రతిసారీ ఒక పాయ ఎండడం లాంటిది. కట్టేసిన కాలువ దృశ్యాలు మే నెలలో ఉచితంగా దొరుకుతాయి.

మాట, మోత

డెల్టాలో మంచు కమ్మిన మంచి ఉదయాలు డిసెంబరు, జనవరుల్లోనే. సరిగ్గా అవే ధనుర్మాసపు రోజులు, నాలుగింటి నుంచే గుడి మైకులో తిరుప్పావై. లంకలోకి కూడా వినబడుతుంది. రొయ్యల చెరువులుంటే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. అందుకని బయటి సీన్లకు డబ్బింగ్, గోడౌన్ సీన్లకు సింక్ సౌండ్ (షూటింగ్‌లోనే మాట రికార్డు చేయడం) అని మొదటే విడదీసుకోండి. డబ్బింగ్ కోసమైనా సెట్లో మాటను గైడ్‌గా రికార్డు చేయాలి, చిన్న పిల్లలైతే మరీను. ఆర్నెల్ల తర్వాత వాళ్ళ గొంతు మారిపోతుంది.

డ్రోన్ ఎగరేసే ముందు ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు రంగు చూసుకోవాలి. ఆకుపచ్చ జోన్‌లో 120 మీటర్ల వరకు ఎగరొచ్చు. మధురపూడిలోని రాజమండ్రి విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల పరిధిలో 60 మీటర్లే. కొబ్బరితోటలో సెట్ వేస్తే దింపు తీసేవాణ్ణి పిలిపించి నెత్తిమీది గెలలన్నీ ముందురోజే దింపించేయండి.

ఇంకా తేలనివాళ్ళు రెండు రోజులు కేటాయించి మూడు షాట్లు తీసి చూడండి. పడవలో మాటల సీను ఒక నిమిషం ఏటిలో, అదే నిమిషం గోడౌన్లో ట్యూబుల మీద, వెన్నెల షాటు ఒకటి పగలు తీసి రాత్రిగా మార్చింది. మూడింటినీ ఫోనులో ఊళ్ళో నలుగురికి చూపించి, ఏది ఎక్కడ తీశారో చెప్పకుండా, ఎక్కడ అనుమానం వచ్చిందో అడగండి. వాళ్ళు వేలుపెట్టి చూపిన షాటుకు దారి మార్చండి. ఎవరూ పట్టుకోని షాట్లను అదే దారిలో షెడ్యూలు వేసుకుని, గోడౌన్ యజమానికి అడ్వాన్స్ ఇవ్వండి.